వర్జీనియాలో కలప కొట్టిస్తున్నాం: లాగర్ చూపించిన షార్ప్ లాగర్ కార్డు ఒక్కటి సరిపోతుందా?

పీడ్‌మాంట్_పైన్:

అందరికీ నమస్కారం. రిచ్‌మండ్‌కి పడమర వైపు మాకు 42 ఎకరాల అడవి భూమి ఉంది. ఎక్కువ భాగం లాబ్‌లాలీ పైన్. వాగు పక్కన పెద్ద ఓక్‌లు, ట్యూలిప్ పాప్లర్‌లు ఉన్నాయి. కలప అమ్మకానికి బేరం కుదిరింది, ఇంకా సంతకాలు కాలేదు. కొట్టడానికి వచ్చే క్రూలో ఐదుగురు. ఫెల్లర్ బంచర్ (చెట్లు కొట్టే యంత్రం) మీద ఒకరు, స్కిడ్డర్ (దుంగలు లాగే బండి) మీద ఒకరు, లోడర్ మీద క్రూ ఓనరే. వాగు పక్క లావు చెట్లను చైన్‌సాతో కొట్టడానికి ఇంకో ఇద్దరు.

ఓనర్ తన పేరు మీదున్న షార్ప్ లాగర్ కార్డు చూపించి “మా క్రూ సర్టిఫైడ్” అన్నాడు. అసలు ఆ కార్డు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సా? ఐదుగురికీ ఉండాలా, ఒక్కరికుంటే చాలా? చైన్‌సా పట్టే ఇద్దరి దగ్గర వేరే కాగితం ఏమైనా అడగాలా? ఆ ఇద్దరిలో ఒకడు ఓనర్ కొడుకు, వయసు 17 అన్నాడు. మా భూమిలో ఎవరికైనా దెబ్బ తగిలితే మా మెడకు చుట్టుకునేది ఎంతవరకు?

కొలబద్ద:

ఆ కార్డు లైసెన్సు కాదండీ. వర్జీనియాలో చెట్లు కొట్టేవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు. షార్ప్ లాగర్ అన్నది వర్జీనియా టెక్ నడిపే శిక్షణ కార్యక్రమం. దాని వెనకున్న అవసరం మిల్లులది. ఎస్ఎఫ్ఐ (సస్టెయినబుల్ ఫారెస్ట్రీ ఇనిషియేటివ్) ప్రమాణం పాటించే పేపరు మిల్లులు, సా మిల్లులు శిక్షణ పొందిన లాగర్ల దగ్గర కలప కొంటామని ఆ ప్రమాణం కింద ఒప్పుకుని ఉంటాయి. కార్డు లేని లాగర్ చెట్టు కొడితే చట్టం పట్టుకోదు, మిల్లు గేటు దగ్గర ఇబ్బంది వస్తుంది.

కార్డు రావాలంటే మూడు కోర్ క్లాసులు పూర్తిచేయాలి: లాగింగ్ భద్రత, సుస్థిర అటవీ నిర్వహణ, కోత ప్రణాళికతో పాటు నీటి రక్షణ పద్ధతులు. ఆ తర్వాత ప్రతి మూడేళ్ళకు 12 క్రెడిట్ల క్లాసులు చేస్తూ ఉండాలి, లేకపోతే కార్డు చెల్లదు. అందుకని కార్డు మీద తేదీ చూడండి. వర్జీనియా టెక్ వాళ్ళ జాబితాలో పేరు కొట్టి వెతికితే ఇప్పటికి చెల్లుతుందో లేదో తెలుస్తుంది. జేబులో కార్డు ఉండటం వేరు, జాబితాలో పేరుండటం వేరు.

ఇక ఐదుగురికీ ఉండాలా అంటే, అక్కర్లేదు. ఎస్ఎఫ్ఐ అడిగేది పని మీద బాధ్యత ఉన్న ఒక మనిషి, అతను సైటులో క్రమం తప్పకుండా ఉండాలి. మీ లాగర్ తనే లోడర్ నడుపుతాడంటున్నారు కాబట్టి ఆ షరతు తీరినట్టే. ఒకే కార్డు మీద రెండు మూడు క్రూలు తిప్పుతూ, కార్డున్న మనిషి వారానికోసారి కనిపించే చోట్లే అనుమానించాలి. “మా క్రూ సర్టిఫైడ్” అన్న మాట మాత్రం తప్పు. సర్టిఫై అయింది ఆయన, క్రూ కాదు.

పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో పద్ధతి వేరు. అక్కడ కలప కొట్టే వ్యాపారానికి రాష్ట్ర లైసెన్సు కావాలి, ప్రతి కోత సర్టిఫైడ్ లాగర్ పర్యవేక్షణలో జరగాలని చట్టమే చెబుతుంది. కాలిఫోర్నియాలో అక్కడి అటవీ శాఖ కాల్ ఫైర్ ఇచ్చే టింబర్ ఆపరేటర్ లైసెన్సు లేకుండా వాణిజ్యపరంగా చెట్టు కొట్టకూడదు. ఆన్‌లైన్‌లో చదివేటప్పుడు ఏ రాష్ట్రం గురించో చూసుకోండి, అన్నీ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది.

వర్జీనియా చట్టం పట్టుబట్టేది ఇంకోచోట. కోత మొదలుపెట్టే ముందు గానీ, మొదలైన మూడు పనిదినాల లోపు గానీ ఆపరేటర్, అంటే కోత నడిపే లాగర్, రాష్ట్ర అటవీ శాఖకు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటిసారి 250 డాలర్లు, 24 నెలల్లో మళ్ళీ జరిగితే 1,000. మీకు ముఖ్యమైనది ఆ తర్వాతది: వాగులోకి మట్టి కొట్టుకుపోతే రోజుకు 5,000 డాలర్ల వరకు జరిమానా వేసే అధికారం ఉంది, అది ఆపరేటర్ మీదే కాదు, భూయజమాని మీద కూడా వేయొచ్చు. మీ ఓక్‌లు వాగు పక్కనే అన్నారు కదా, రెండు వైపులా కనీసం 50 అడుగుల పట్టీ గుర్తులు పెట్టించి, అందులో సగానికి మించి కొట్టకూడదని కాంట్రాక్టులో రాయించండి. కార్డు కోసం నేర్చుకున్న నీటి పాఠం పనికొచ్చేది అక్కడే.

భద్రత సంగతి ఇంకొకరు చెబితే బాగుంటుంది. నా పని కొలతలూ లెక్కలూ.

హెల్మెట్:

చైన్‌సా పట్టే ఇద్దరికీ, ఆ మాటకొస్తే ఐదుగురికీ వర్తించే అసలు రూలు ఓషా (ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థ) లాగింగ్ ప్రమాణం, నంబరు 1910.266. 1994 అక్టోబరులో వచ్చింది, 1995 ఫిబ్రవరి 9 నుంచి అమల్లో ఉంది. వర్జీనియాలో దీన్ని అమలు చేసేది రాష్ట్ర సంస్థ వోష్. ఎందుకింత పట్టింపు అంటే, 2022 లెక్కల్లో లాగింగ్ కార్మికుల మరణాల రేటు లక్షకు 100.7, దేశం మొత్తం సగటు 3.7.

ఓషా ఎవరికీ కార్డు ఇవ్వదు, ఇచ్చే సంస్థ ఇదీ అని చెప్పదు కూడా. బాధ్యత యజమాని మీద పెడుతుంది. ఉద్యోగి పనిలో దిగక ముందే శిక్షణ ఇవ్వాలి. కొత్త పని, కొత్త యంత్రం, కొత్త పనిముట్టు ఇచ్చినప్పుడు దానికి సంబంధించినంత వరకు మళ్ళీ ఇవ్వాలి. ఎవరైనా ప్రమాదకరంగా పనిచేస్తూ కనిపిస్తే అప్పుడూ ఇవ్వాలి. ఖర్చు యజమానిదే. కొత్తవాడు తన పని సురక్షితంగా చేయగలడని చూపించేదాకా, పని తెలిసిన మనిషి దగ్గరుండి చూసుకోవాలి.

మీరు అడగాల్సిన కాగితం ఇక్కడుంది. శిక్షణ ఇచ్చినట్టు యజమాని రాతపూర్వకంగా సర్టిఫికేషన్ రికార్డు పెట్టాలి. అందులో ఉద్యోగి పేరు, శిక్షణ జరిగిన తేదీలు, నేర్పినవాడి సంతకం గానీ యజమాని సంతకం గానీ ఉండాలి. ఒక పేజీ చాలు, దానికి ప్రత్యేకమైన ఫారం ఏమీ లేదు. పాత కంపెనీలో నేర్చుకుని వచ్చినవాడికి మళ్ళీ మొదటి నుంచీ నేర్పక్కర్లేదు. కానీ ఆ పాత శిక్షణ సరిపోతుందని ఈ యజమాని ఏ తేదీన నిర్ణయించుకున్నాడో రికార్డులో రాసి ఉండాలి. నూటికి తొంభై ఫైళ్ళలో లేనిది ఆ తేదీయే అనిపిస్తుంది. “వాడికి ఇరవై ఏళ్ళ అనుభవం” అన్న మాట రికార్డు కిందకు రాదు.

ఇంకొకటి, శిక్షణ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఉండాలని రూలులోనే ఉంది. స్పానిష్ మాత్రమే వచ్చిన కట్టర్ ఇంగ్లీషు వీడియో కింద సంతకం పెడితే ఆ సంతకానికి విలువ లేదు.

ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ శిక్షణ ప్రతి ఉద్యోగికీ ఉండాలి, సూపర్‌వైజర్‌తో సహా, గడువు దాటకుండా. ఇది చాలామందికి తెలియదు. క్రూలో ఒక్కడికుంటే చాలనుకుంటారు. చెట్టు కింద పడేది ఆ ఒక్కడే అయితే? ఫస్ట్ ఎయిడ్ కిట్లు కూడా మూడు చోట్ల ఉండాలి: చెట్లు కొడుతున్న చోట, దుంగలు చేర్చే ల్యాండింగ్ దగ్గర, మనుషుల్ని తెచ్చే ప్రతి బండిలో. ట్రక్కులో ఒక కిట్ పెట్టి అర మైలు అవతల చెట్లు కొడితే రూలు తప్పినట్టే. భద్రతా మీటింగ్ కనీసం నెలకొకటి జరగాలి. తేదీలతో నోట్‌బుక్ పెట్టే క్రూ అయితే మంచి గుర్తు.

17 ఏళ్ళ అబ్బాయి సంగతి: కుదరదు. లాగింగ్ పనులు ఫెడరల్ చట్టం ప్రకారం ప్రమాదకర వృత్తుల జాబితాలో నాలుగో ఉత్తర్వు కింద ఉన్నాయి, 18 నిండాలి. సొంత తండ్రి కంపెనీ అన్న మినహాయింపు ఈ జాబితాలోని పనులకు వర్తించదు. వ్యవసాయంలో ఉన్న వెసులుబాటు ఇక్కడా ఉందనుకుని చాలా కుటుంబాలు పొరబడతాయి. చైన్‌సా ఇవ్వకుండా ల్యాండింగ్ దగ్గర కొమ్మలు నరికించినా అది లాగింగే. ఈ విషయం కాంట్రాక్టు సంతకాలకు ముందే తేల్చుకోండి.

పీడ్‌మాంట్_పైన్:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. అబ్బాయిని పెట్టనన్నాడు, వేరే కట్టర్‌ని తెస్తాడట. రికార్డులు అడిగితే ఒక ఫైలు పంపాడు. ముగ్గురికి తేదీలు, సంతకాలు సరిగ్గా ఉన్నాయి. ఇంకొకరికి “ఆన్ ద జాబ్ ట్రైనింగ్” అని మాత్రమే ఉంది, తేదీ లేదు. ఇందులో ఒక సందేహం. కాగితం ఎవరైనా రాసుకోవచ్చు కదా. నిజంగా పని వచ్చో రాదో నాలాంటివాడు ఎలా కనిపెట్టాలి? వాళ్ళు కొడుతున్నప్పుడు వెళ్ళి నిలబడి చూడటం మంచిది కాదని తెలుసు.

హెల్మెట్:

వెళ్ళకండి. పక్కపక్క పనిచేసే మనుషుల మధ్యే, కొడుతున్న చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. 80 అడుగుల పాప్లర్ అంటే 160 అడుగులు. మీకూ అదే.

మీకు కావలసింది వాళ్ళు ఇంతకుముందు కొట్టిన ట్రాక్టు. కోత అయిపోయిన చోటు ఒకటి చూపించమనండి, భూయజమాని అనుమతితో వెళ్ళి మోడులు చూడండి. చెట్టు లారీ ఎక్కి పోతుంది కానీ కోత మోడు మీద ఉండిపోతుంది. ముందు ఒక జాగ్రత్త: ఫెల్లర్ బంచర్ కొట్టిన మోడు చదునుగా, గాటు లేకుండా ఉంటుంది, అది తప్పు కాదు. చైన్‌సాతో కొట్టిన లావు మోడులనే చూడండి.

మోడు మీద మూడు భాగాలు కనిపించాలి. చెట్టు పడాల్సిన వైపు ముందు గాటు, ఎదురు వైపు నుంచి వెనక కోత, రెండింటి మధ్య తెంపకుండా వదిలిన చెక్క పట్టీ. ఆ పట్టీని హింజ్ అంటారు. చెట్టు ఒరుగుతున్నంత సేపు దాన్ని మొదలుకు పట్టి ఉంచి, దిశ తప్పకుండా చూసేది అదే. ఓషా గైడు చెప్పే కొలతలు ఇలా వస్తాయి. 20 అంగుళాల అడ్డుకొలత ఉన్న చెట్టుకు ముందు గాటు లోతు నాలుగో వంతు నుంచి మూడో వంతు, అంటే 5 నుంచి దాదాపు 6.7 అంగుళాలు. హింజ్ మందం పదో వంతు, అంటే 2 అంగుళాలు. పొడవు 80 శాతం, అంటే 16 అంగుళాలు. గాటు 45 డిగ్రీల మామూలు రకమైతే వెనక కోత, గాటు కింది కోత కంటే అంగుళం పైన ఉండాలి. ఆ మెట్టు వల్ల చెట్టు మొదలు వెనక్కి జారి కట్టర్ మీదకు రాదు. 70 డిగ్రీలు దాటి తెరిచిన ఓపెన్ ఫేస్ గాటు అయితే వెనక కోత గాటు మూలకు సమానమైన ఎత్తులోనే ఉంటుంది, అది చూసి తప్పని అనుకోకండి.

కొలత టేపు పట్టుకుని పది మోడులు చూస్తే చాలు. వెతకాల్సిన తప్పులు ఇవి.

ముందు గాటు రెండు కోతలూ మూల దగ్గర సరిగ్గా కలవకుండా ఒకటి రెండోదాన్ని దాటి లోపలికి పోవడం. పైకి చిన్న గీతలా కనిపిస్తుంది. కానీ చెట్టు ఒరగడం మొదలవగానే ఆ సన్నని చీలిక మూసుకుపోతుంది. హింజ్ వంగడానికి చోటుండదు. చెట్టు ఆగిపోతుంది, లేదా హింజ్ ముందే విరిగి చెట్టు ఎటు పోతుందో తెలియకుండా పోతుంది. ప్రతి రెండో మోడు మీద ఇది కనిపిస్తే ఆ కట్టర్‌కి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదని అర్థం.

హింజ్ అసలు లేకపోవడం, లేదా ఒక వైపు పూర్తిగా కోసేసి ఉండటం. తొందరలో వెనక కోత ఆపకుండా లాగేస్తే ఇలా అవుతుంది.

లావు మోడు మీద ముందు గాటు లేకుండా ఒకే అడ్డకోత. ఆ చెట్టును గాటు లేకుండా కొట్టినా ఉద్యోగికి ప్రమాదం ఉండదని యజమాని చూపించగలిగితే తప్ప ప్రమాణం దీన్ని ఒప్పుకోదు.

మోడు మధ్యలోంచి రెండు మూడు అడుగులో, అంతకంటే ఎక్కువో నిలువుగా లేచిన చెక్క పలక. బాగా ముందుకు వాలిన చెట్టును వెనక నుంచి మెల్లగా కోస్తూ పోతే, కోత పూర్తికాకముందే చెట్టు ఒరిగి, కాండం నిలువునా చీలి వెనక్కి ఎగిసి తంతుంది. బార్బర్ చెయిర్ అంటారు. అలాంటి చెట్టును తెలిసినవాడు హింజ్ వెనక నుంచి రంపం మొన లోపలికి దింపి, వెనక కొంచెం చెక్క తాళంలా వదిలి, చివర్లో దాన్ని తెంపుతాడు. అలా కోసిన మోడు వెనక అంచున చిన్న ముక్క విడిగా తెగి కనిపిస్తుంది. ఓక్‌ల మధ్య అలాంటి మోడులు కనిపిస్తే సంతోషించండి.

మోడులతో పాటు తల పైకెత్తి కూడా చూడండి. ఒక చెట్టు ఇంకో చెట్టులో ఇరుక్కుని వదిలేసి ఉంటే పెద్ద లోపం. ఇరుక్కున్న చెట్టును సురక్షితంగా దించాకే ఆ చోట పని మొదలుపెట్టాలి. దించలేకపోతే గుర్తుపెట్టి రెండు చెట్ల ఎత్తు దూరంలో ఎవరూ పనిచేయకూడదు. చెట్ల వరుసకు గాట్లు పెట్టి ఒకదానితో ఇంకోదాన్ని పడేసే పద్ధతి పూర్తిగా నిషేధం.

తేదీ లేని ఆ రికార్డు విషయంలో, వెనకటి తేదీ వేయించకండి. ఇప్పుడు నేర్పి ఇవాళ్టి తేదీ వేయమనండి. చిన్న కంపెనీలకు వోష్ ఉచితంగా సలహా ఇచ్చే విభాగం నడుపుతుంది, అది జరిమానాలు వేసే తనిఖీ విభాగంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది. లాగర్‌కి ఆ మాట చెప్పి చూడండి.

యార్క్‌షైర్_చెట్టు:

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివి ఇక్కడా ఇంతే అనుకోకుండా ఒక మాట. బ్రిటన్‌లో కాగితం రంపం పట్టినవాడి పేరు మీదే ఉంటుంది. 1998 నాటి పని పరికరాల నిబంధనల కింద, చెట్ల మీద చైన్‌సాతో పనిచేసే ప్రతి మనిషికీ సామర్థ్య సర్టిఫికెట్ ఉండాలి. సిటీ అండ్ గిల్డ్స్ వాళ్ళదో లాంట్రా వాళ్ళదో తీసుకుంటారు. ముందు రంపం నిర్వహణ, అడ్డకోత. తర్వాత 380 మిల్లీమీటర్ల లోపు చెట్లు కొట్టడం. అంతకంటే లావు చెట్లకు వేరే యూనిట్, గాలికి కూలిన చెట్లకు ఇంకోటి. నేర్పినవాడే పరీక్ష పెట్టడు, అంచనా వేసే మనిషి వేరు. ఎప్పుడో ఒకసారి రంపం పట్టేవాళ్ళు రెండు మూడేళ్ళకోసారి, రోజూ పనిచేసేవాళ్ళు ఐదేళ్ళకోసారి పునశ్చరణ చేసుకోవాలని అక్కడి భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ సూచన. పాతకాపులకు మినహాయింపు ఉందని కొందరు చెబుతారు. అది సొంత పొలంలో వ్యవసాయ పనిలో భాగంగా కొట్టే రైతుకూ అతని ఉద్యోగులకే, అదీ 1998 డిసెంబరు 5కు ముందు నుంచే చైన్‌సా వాడుతున్నవాళ్ళకే. కలప కాంట్రాక్టరుకు అది పనిచేయదు.

పాలసీ_పేజీ:

దెబ్బ తగిలితే మీ మీద పడేది ఎంత అన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. వర్జీనియాలో ఇద్దరికి మించి ఉద్యోగులున్న యజమానికి వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగులకు బీమా) తప్పనిసరి. లాగింగ్‌కి ప్రీమియం చాలా ఎక్కువ, అందుకే ఎగ్గొట్టే దారులూ ఎక్కువే. రెండు దారులు తెలిసి ఉండాలి.

ఒకటి, కట్టర్లను ఉద్యోగులుగా చూపించకుండా 1099 పన్ను ఫారం కింద స్వతంత్ర కాంట్రాక్టర్లుగా రాయడం. ఒంటరిగా తన పని తాను చేసుకునే మనిషికి ఓషా వర్తించదు కాబట్టి శిక్షణ రికార్డు కూడా అక్కర్లేదని వాదిస్తారు. కానీ రంపం ఎవరిది, ఏ చెట్టు ఎప్పుడు కొట్టాలో చెప్పేది ఎవరు అన్నదాన్ని బట్టి అతను ఉద్యోగి అవునా కాదా అని తేలుతుంది. ఫారం మీద ఏం రాశారన్నది కాదు. కొత్తగా వచ్చే కట్టర్ ఏ లెక్కన వస్తున్నాడో అడగండి.

రెండోది ఘోస్ట్ పాలసీ. ఉద్యోగులే లేరని చెప్పి, ఓనర్‌ని కూడా మినహాయించి తీసుకున్న పాలసీ. సర్టిఫికెట్ మాత్రం చక్కగా వస్తుంది, ఎవరికీ డబ్బు రాదు. ఆ సర్టిఫికెట్‌కి వాడే అకార్డ్ 25 ఫారంలో వర్కర్స్ కాంప్ గడి పక్కన, ఓనరు, పార్ట్‌నరు, ఆఫీసరు ఎవరినైనా మినహాయించారా అని ఒక చిన్న ప్రశ్న ఉంటుంది. మీ ఓనర్ తనే లోడర్ నడుపుతాడు కాబట్టి అక్కడ “వై” (అవును) ఉంటే అతనికి కవరేజీ లేనట్టే. జనరల్ లయబిలిటీ మిలియన్ డాలర్లున్నా లాగర్ ఉద్యోగులకు తగిలిన దెబ్బలకు అది పనికిరాదు. మీ కంచెకో పక్కవాళ్ళ ఇంటికో జరిగే నష్టానికే.

సర్టిఫికెట్ లాగర్ చేతి నుంచి తీసుకోకండి. అతని ఏజెంటు నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కి రావాలి. పని మొదలయ్యే రోజు ఏజెంటుకి ఫోన్ చేసి పాలసీ నడుస్తోందా అని అడగండి, మధ్యలో ప్రీమియం కట్టక రద్దయినవి చాలా ఉంటాయి. వర్కర్స్ కాంపెన్సేషన్ కమిషన్ సైటులో కూడా కంపెనీ పేరుతో చూసుకోవచ్చు. లయబిలిటీ పాలసీలో మిమ్మల్ని అదనపు బీమాదారుగా చేర్చమనండి.

కాంట్రాక్టులో కొనుగోలుదారు, లాగర్ స్వతంత్ర కాంట్రాక్టర్లనీ, భద్రతా చట్టాలు పాటించే బాధ్యత వాళ్ళదేననీ ఉండాలి. ఉన్నాక దానికి తగ్గట్టు మసలుకోవాలి. రోజూ వెళ్ళి ఈ చెట్టు ఇటు పడేయి, ఆ చెట్టు రేపు కొట్టు అని కట్టర్లకు చెప్పడం మొదలుపెడితే పని నడిపింది మీరేనని రేపు ఎవరైనా వాదించొచ్చు. చెప్పాల్సింది మీ ఫారెస్టర్ ద్వారా ఓనర్‌కి రాతలో చెప్పించండి. సంతకానికి ముందు ఒక గంట లాయర్‌కి చూపించండి. కలప విలువ ముందు ఆ ఫీజు ఎంత.

పీడ్‌మాంట్_పైన్:

ఏజెంటుకి ఈమెయిల్ పెట్టాను, ఓనర్ మినహాయింపు గురించి కూడా అడిగాను. ఒక్కటి మిగిలింది. ఫైల్లో ఇద్దరు మెషీన్ ఆపరేటర్ల సీపీఆర్ కార్డుల గడువు అయిపోయింది. చైన్‌సా పని ఎలాగూ చివర్లో ఉంది కదా, ఈలోపు మెషీన్లతో పైన్ మొదలుపెడతానంటున్నాడు లాగర్. సరేననొచ్చా?

హెల్మెట్:

వద్దు. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ రూలు చైన్‌సా వాళ్ళకు మాత్రమే కాదు, ప్రతి ఉద్యోగికీ. గడువు తీరింది మెషీన్ వాళ్ళదే కాబట్టి మెషీన్‌తో మొదలుపెడితే మరీ విడ్డూరం. క్లాసు ఒక్క రోజు పని. కార్డు కాపీలు ఫైల్లో చేరాక అటవీ శాఖ నోటీసు, ఏజెంటు ఫోన్ కాల్ అదే వారంలో పెట్టుకోండి. కొత్త కట్టర్ రికార్డు కూడా అప్పుడే అడగండి. పాత కంపెనీలో నేర్చుకున్నాడంటే ఆ శిక్షణ సరిపోతుందని ఈ ఓనర్ నిర్ణయించుకున్న తేదీ అందులో ఉండాలి.